కృపానందం మాస్టారి డీ డ్రైవుకి గండి పడ్డ వైనం

రిటైరైన లెక్కల మాస్టారు కృపానందం గారు గుడివాడలో కూతురింటి నుంచి వచ్చి, బస్సు దిగి సంచీతో సహా చిలకలపూడిలో దుర్గాదేవి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డారు. ఆయన్ని చూడగానే, రోజూ ఆ బల్ల మీదే కూర్చుని కబుర్లు చెప్పే రాంబాబు గొంతు సవరించుకున్నాడు.

"రండి మాస్టారూ, మీ గురించే చెప్తున్నా. మీ కంప్యూటరు పని అయిపోయింది. అబ్బే, పెద్ద పనేం కాదులెండి. సీ డ్రైవు నిండిపోయి ఏది నొక్కినా కదలట్లేదు, డీలో బోలెడంత ఖాళీ ఉంది, కాస్త అటుది ఇటు కలపమని ఊరెళ్తూ చెప్పారా లేదా? కుర్రాళ్ళయితే ఏవేవో పుస్తకాలు చూస్తారు. మనం రైతు బిడ్డలం. ఉన్నది ఒకటే చేను, మధ్యలో గట్టు. ఆ గట్టు ఓ బెత్తెడు డీ వైపు జరిపితే సీ పెరుగుద్ది, అంతే కదా?"

"డీలో మా అమ్మ పాటలున్నాయండీ," అన్నారు మాస్టారు. "ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ కూడికలో వినిపించాలి. ఇంకెక్కడా లేవు. జాగ్రత్తని మరీ మరీ చెప్పాను."

"అక్కడికే వస్తున్నా. గట్టు జరిపేముందు అవతలి మడిలో ఏముందో చూసుకోవాలా వద్దా? చూస్తే ఏముంది, మీ అమ్మ సువార్తమ్మ గారి పాటలన్నీ సరిగ్గా గట్టు పక్కనే ఉన్నాయి. నారు పీకినట్టు పీకి, కట్టలు కట్టి, అవతలి మూలన నాటాను. ఒక్క పాట వాడితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పాటలు నాటడమేంటి అన్నయ్యా?" అంది దుర్గాదేవి టీ వడపోస్తూ.

"నువ్వు పాలు పొంగకుండా చూస్కో. గట్టు అలా జరిపానో లేదో, డీలో ఎన్నేళ్ళ నుంచి ఆగి ఉందో ఏమో, ఆ ఖాళీ సన్నగా కారడం మొదలెట్టింది. మౌసు అడ్డం పెట్టా. ఆగలా. చూస్తుండగానే గండి పడి సీ నిండా ఖాళీ నిండిపోయింది."

"ఖాళీ నిండిపోవడమా?" మాస్టారు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని మధ్యలో వదిలేశారు.

"నిండి పొర్లిందండీ. పొర్లి వైర్లోకి దిగింది, వైర్లోంచి కరెంటు స్తంభం ఎక్కింది. ఫోన్లో ఫొటోలకి చోటు లేదని ఏడ్చేవాళ్ళుంటారు చూడండి, మీ వీధిలో ఇప్పుడు అందరికీ చోటే చోటు. అలా తీగలు పట్టుకుని గుడివాడ పోయింది. మా తోడల్లుడు ఫోను, అన్నయ్యా, మా కంప్యూటర్లో ఇన్నాళ్ళూ ఒక గదే ఉండేది, పొద్దున లేచేసరికి హాలొచ్చిందేంటని. అక్కణ్ణుంచి దివిసీమ. శివారుకి కాలవ నీళ్ళయితే ఎప్పటికో చేరతాయి, ఇది మాత్రం గంటలో చేరింది. ఇక లాభం లేదని నేను కీబోర్డు మీద కూర్చున్నా. కూర్చున్నానంటే నిజంగా ఎక్కి కూర్చున్నా. అయినా ఆగక సముద్రంలో కలిసింది. వేటకెళ్ళినవాళ్ళు చెప్పారు, సముద్రం వెనక్కి జరిగి చోటిచ్చిందంట."

"మరి పాటలో?" దుర్గాదేవి ఇచ్చిన టీ గ్లాసు అందుకుంటూ అడిగారు మాస్టారు.

"అంత ప్రవాహంలో పాటలు ఆగుతాయా మాస్టారూ? అలాగని పోలేదు. అవనిగడ్డలో, మోపిదేవిలో ఏ ఫోను మోగినా ఇప్పుడు మీ అమ్మగారి గొంతే. బస్సులో కండక్టరు ఫోను మోగితే జనం టిక్కెట్టు మాట మర్చిపోయి కళ్ళు మూసుకున్నారంట. ఆవిడకి ఇంతకంటే పెద్ద కూడిక ఎవరు పెట్టగలరు?"

మాస్టారికి సముద్రం సంగతి అర్థం కాలేదు, హాలు సంగతి అర్థం కాలేదు. అమ్మ గొంతు ఇంట్లో లేదన్నది ఒక్కటే అర్థమైంది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచారు.

"ఒకసారి వెళ్ళి చూసుకుంటాను. మా ఇంటి తాళం చెవి ఇవ్వండి రాంబాబు గారూ."

రాంబాబు చొక్కా జేబు తడుముకున్నాడు. తర్వాత ప్యాంటు జేబులు. తర్వాత మళ్ళీ చొక్కా జేబు.

"ఆయన దగ్గరెక్కడుంటుందండీ?" అంటూ దుర్గాదేవి పంచదార డబ్బా పైన మేకుకి వేలాడుతున్న తాళం చెవి తీసింది. "అన్నయ్య వస్తే ఇవ్వమని మీరు నాకే ఇచ్చి వెళ్ళారు కదా. రోజూ ఈ బల్ల మీదే కూర్చున్నాడు గానీ ఒక్కనాడూ అడగలేదు. మీరెళ్ళిన దగ్గర్నుంచి ఇది మేకు దిగలేదు."

మాస్టారు తాళం చెవి వంకా రాంబాబు వంకా మార్చి మార్చి చూశారు.

"అయితే మీరు మా ఇంట్లో అడుగే పెట్టలేదా?"

రాంబాబు లేదన్నట్టు తలాడించాడు.

"గట్టు కదపలేదా? అమ్మ పాటలు ఎక్కడివక్కడే ఉన్నాయా?"

"ఉన్నాయండీ," అన్నాడు రాంబాబు, తనకే వినపడనంత చిన్నగా.

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాంబాబు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "ఎంత మేలు చేశారండీ బాబూ. దుర్గమ్మా, ఈయనకి ఓ స్పెషల్ టీ ఇవ్వమ్మా."

తిట్లకి సిద్ధపడ్డ రాంబాబుకి ఈ మర్యాద ఎందుకో ఒక పట్టాన తెలియలేదు. తికమకగానే టీ ఓ గుక్క తాగాడు. రెండో గుక్క తాగాక నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చోడం తేలికనుకుంటున్నారేమో మాస్టారూ. ఆ తాళం చెవి ఎదురుగా వేలాడుతుంటే ఈ చేతిని నేనెలా ఆపానో తెలుసా?"