అంచు కట్టని బుట్ట

పాడేరు ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక ముసలామెను వసారాలో మంచం వేసి పడుకోబెట్టారు. ముసలాయన ఆమెకు వీపు పెట్టి కూర్చుని వెదురు బుట్ట అల్లుతున్నాడు.

"ఎవులికా బుట్ట?"

"సంతకి. డుంబ్రిగుడలో అమ్ముదారని."

"అల్లిక అయిపోనాది కదా, అంచు కట్టవేటి?"

ఆయన బుట్టను ఆమెకు కనబడకుండా ఒళ్లోకి లాక్కున్నాడు.

"అంచునేని బుట్ట సంతలో ఎవులు కొంతారు? శవంతోటి గోతిలో ఎట్టే బుట్టకే కదా మనోలు అంచు కట్టరు."

"నీ నోరు ఊరుకోదే! నార నానలేదు, అంతే."

"నీ కాలికాడ కుండలో తెల్లారినకాడ్నుంచి నానతంది. సూపు పోనేదు నాకు."

ముసలాయన కుండలోంచి అడ్డతీగ నార తీసి అంచు కట్టడం మొదలెట్టాడు. కట్టు జారింది. మళ్లీ బిగించాడు. అయ్యాక బుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"సూడు. సంతదే."

ఆమె అంచంతా వేలితో తడిమింది.

"గట్టిగుంది. దీన్ని సంతకే అట్టుకెళ్లు. ఉప్పూ సింతపండూ తెచ్చుకో, ఒక్కడివే వొండుకోవాలి."

"ఊఁ."

"ఇప్పుడింకోటి మొదలెట్టు. దానికి అంచు కట్టకు."

ఆయన వెనక్కి తిరిగి తన పాత చోటి వైపు నడిచాడు.

"ఈపాలి నా ఎదర కూకుని అల్లయ్యా. బేగి అల్లు."

ముసలాయన కత్తీ వెదురూ తెచ్చుకుని, ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.