డాన్యూబ్ చేప కొట్టిన గోలు

నైదెన్ సారా బట్టీ ముందు రాంగెల్ నోరు మూసుకుని కూర్చుని ముప్పావు గంటైంది. ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు.

పాపం, అతని బాధ అతనిది. ఆదివారం కూతురు ఇస్క్రా పెళ్ళి. పిల్లవాడిది డాన్యూబ్ నదికి అవతలి ఒడ్డు, రుమేనియా. వియ్యంకుడు ఇలారియే పెళ్ళి సారా ఎలా దిగుతుందో చూద్దామని పొద్దున్నే బల్లకట్టు దాటి వచ్చాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు గానీ మాటే లేదు. కాగితం పొట్లంలోంచి పొద్దుతిరుగుడు గింజలు ఒక్కొక్కటే తీసి కొరుకుతూ, పొట్టు అరచేతిలో పోగేసుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు. ఇస్క్రా గుమ్మం దాకా వచ్చి మరీ తండ్రికి చెప్పింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఆయన ముందు ఆ ఫుట్‌బాల్ గొడవ ఎత్తకు. నీ కోతలు విన్నారంటే పెళ్ళికి ముందే మన పరువు నదిలో కలుస్తుంది. జాడీ చూసుకో, చాలు."

జాడీ చూసుకోవడం చిన్న పనేం కాదు. బట్టీ గొట్టంలోంచి మొదట దిగేది విషం, పారబోస్తారు. నడిమి ధారే అసలు సారా. ఆఖర్న వచ్చేవి పులిసిన నీళ్ళు. అవి కలిశాయంటే జాడీ జాడీ అంతా కుడితే. ధార కాస్త చిన్న సీసాలో పట్టి ఊపితే పైన బుడగలు పూసల్లా కడతాయి. ఆ పూసలు చితికిపోవడం మొదలవగానే జాడీ జరిపి బొక్కెన పెట్టాలి. మంట సంగతి నైదెన్ చూసుకుంటాడు. ధార మాత్రం ఇంటివాడే చూసుకోవాలి. పరాయివాడు గొట్టం కింద చెయ్యి పెడితే ఆ సారా అచ్చిరాదని అక్కడి పట్టింపు. రెండు వందల మంది వచ్చే పెళ్ళికి రాంగెల్ దగ్గరున్నది ఈ ఒక్క జాడీయే.

తర్వాతి వంతు త్సోనాది. ఆవిడ తన ద్రాక్షపిప్పి పీపా మీద కూర్చుని, బూడిదలో కాల్చిన బంగాళాదుంప ఒలుచుకుంటోంది. "ఏరా రాంగెల్, గొంతుకేమైనా అడ్డం పడిందా? ఇంతసేపు ఊరుకుంటే నీ ప్రాణానికే ప్రమాదం."

"నాకేం, బాగానే ఉన్నా త్సోనక్కా," అన్నాడు రాంగెల్. ఇలారియే గింజ టప్పున కొరికాడు. ఆ చప్పుడుకి రాంగెల్ లోపలి గట్టు తెగింది. "బావగారూ, మీకు మా భాష తెలుస్తుందా?"

ఇలారియే ఏదో కాస్త అన్నట్టు చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

రాంగెల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆయనకి కాస్తే తెలిస్తే, కూతురికిచ్చిన మాట కూడా కాస్తే తప్పినట్టు. పైగా ఊళ్ళోవాళ్ళు నలభై ఏళ్ళుగా ఈ కథ విని నవ్వుతున్నారే గానీ ఒక్కడూ నమ్మలేదు. కొత్తవాడు ఒక్కడు 'ఔరా' అంటే చాలునని అతని ఆశ.

"ఏం లేదు బావగారూ, గింజలు చూస్తే గుర్తొచ్చింది. అరవై రెండులో మా కుర్రాళ్ళ జట్టుకీ మీ కుర్రాళ్ళ జట్టుకీ మా ఒడ్డున లోమ్ పట్నంలో స్నేహపూర్వక మ్యాచి జరిగింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. గోలీని. ఒక పెనాల్టీ ఆపాను. అంతే. చెప్పుకోదగ్గదేం కాదు."

"ఒకటేనా?" అన్నాడు నైదెన్ పొయ్యిలోకి కట్టె తోస్తూ. "పోయినేడాది మూడు ఆపావు కదా మామా."

"నువ్వు కట్టెల సంగతి చూడరా. అసలు నన్ను జట్టులోకి ఎలా తీసుకున్నారో తెలుసా బావగారూ? బండి మీంచి పుచ్చకాయలు దింపుతున్నాను. పైనుంచి మా బాబాయి విసరడం, కింద నేను పట్టడం. జాతీయ కోచ్ అటుగా కారులో పోతూ ఆగాడు. మా బాబాయికి ఊపొచ్చి ఒకేసారి నాలుగు విసిరాడు. రెండు రెండు చేతులతో పట్టాను, ఒకటి గడ్డం కింద నొక్కాను."

"నాలుగోది?" అంది త్సోనా.

"కోచ్ పట్టుకున్నాడు. 'నా చేతికి అందేలా తలతో కొట్టావే, నువ్వే కావాలి' అన్నాడు. సరే, మ్యాచికి వచ్చాం. స్నేహం పేరుకే లెండి. మీవాళ్ళు సామాన్యులా! తొమ్మిదో నంబరు వాడొకడు ఉండేవాడు. వాడి బూటులో మా త్సోనక్క కోడి గుడ్లు పొదగొచ్చు, అంత పాదం. వాడు కొడితే బంతి కనపడదు. చప్పుడు వినపడుతుంది, అది కూడా బంతి వెళ్ళిపోయాక. అలాంటివాడు పెనాల్టీ కొట్టాడు. నేను కుడివైపు దూకాను. బంతేమో ఎడమవైపు వస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాల్లోనే మనసు మార్చుకున్నాను."

"గాల్లోనా?"

"గాల్లోనే! కుడి నుంచి ఎడమకి తిరిగాను. పత్రిక ఫొటో తీసేవాడు కింద నిలబడి, 'రాంగెల్, ఒక్క నిమిషం అలాగే ఉండు, రీలు అయిపోయింది' అన్నాడు. ఉన్నాను. వాడు రీలు మార్చుకుని తీశాడు. అప్పుడు బంతి పట్టుకుని దిగాను."

"ఆ ఫొటో ఏదిరా?" అంది త్సోనా.

"వెయ్యలేదక్కా. నేల ఎక్కడా కనపడక, పత్రికవాళ్ళు కొంగ అనుకున్నారట."

నైదెన్ నవ్వి కట్టె జారవిడిచాడు. ఇలారియే నవ్వలేదు. ఇంకో గింజ తీసి, రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసి, కొరికాడు. ఆ ముఖంలో ఔరా లేదు, అబద్ధమనీ లేదు. రాంగెల్‌కి అది ముల్లులా గుచ్చుకుంది. కూర్చుని చెబితే ఈయనకి ఎక్కదని లేచి, బట్టీకి వీపు పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"మామా, పూసలు ఒకసారి…" అన్నాడు నైదెన్.

"ఇందాకే చూశాను, గట్టిగా ఉన్నాయి. వినండి బావగారూ. తొమ్మిదో నంబరుకి పౌరుషం వచ్చింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి పిడికిలితో గుద్దాను. బంతి పైకి వెళ్ళింది. వెళ్ళింది, వెళ్ళింది, ఇంక రాలేదు. ఆ రోజుల్లో ఇప్పట్లా పది బంతులా? మ్యాచి మొత్తానికి ఒకటే. రిఫరీ గడియారం చూశాడు, ఆకాశం చూశాడు, చేసేదిలేక హాఫ్‌టైం ఇచ్చేశాడు. మేం నిమ్మరసం తాగాం. మీ కోచ్ ఒక కునుకు కూడా తీశాడు. రెండో సగంలో దిగింది బంతి. దాని మీద బెత్తెడు మంచు!"

"ఏ నెలరా అది?"

"జూను."

"జూన్‌లో మంచా?"

"అంత పైన నెలలుంటాయా త్సోనక్కా?"

ఇలారియే పొట్టు పక్కన పోసి, అరచెయ్యి దులుపుకున్నాడు. అంతే. రాంగెల్ ఇంక వెనక్కి తగ్గే స్థితిలో లేడు. ఇస్క్రా మాట మరుపున పడింది, జాడీ అంతకుముందే పడింది.

"ఇప్పుడు అసలు సంగతి. ఆఖరి అయిదు నిమిషాలు. మీవాడు ఒక్క తన్ను తన్నాడు. బంతి మా గోలు మీదుగా, చెట్ల మీదుగా, రేవు మీదుగా పోయి డాన్యూబ్ నడిమధ్యలో పడింది. రిఫరీ నన్ను చూశాడు. నేను రిఫరీని చూశాను. ఒకటే బంతి. దూకేశాను!"

"మరి గోలెవరు కాశార్రా?"

"గీత మీద నా టోపీ పెట్టి వెళ్ళాను."

"బంతి నదిలో ఉంటే టోపీ దేనికి మామా?" అన్నాడు నైదెన్.

"జాగ్రత్త! గోలీ అన్నవాడికి ఉండాల్సిందే అది. చూపు ఒక్క క్షణం పక్కకి పోకూడదు, పోయిందా, కొంప మునుగుతుంది."

అతని వీపు వెనక ధార సన్నబడింది. నైదెన్ అటు చూసి కంగారుగా, "మామా, జాడీ…" అన్నాడు.

"మధ్యలో మాట్లాడకురా, నీళ్ళలో ఉన్నాను!" రాంగెల్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నీళ్ళలో తెరిస్తే మండుతాయి కదా. రెండు చేతులతో ఈదుతూ చెప్పాడు, "నది మధ్యకి వెళ్ళేసరికి బంతి లేదు. దాని బదులు ఒక వాలుగ చేప ఉంది. ఒక్కో మీసం మన చర్చి గంట తాడంత. బంతి మింగి, ఏమీ ఎరగనట్టు మూతి ముడుచుకుంది. నేను ఊరుకుంటానా? దవడలు విడదీసి చెయ్యి లోపల పెట్టాను, భుజం దాకా."

"ఒరేయ్ రాంగెల్! జాడీ రా!" అని అరిచింది త్సోనా.

"చేప నోట్లో చెయ్యి ఉంటే జాడీ అంటావేంటక్కా! చెయ్యి అందలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని వెల్లకిలా తిప్పాను. పొట్ట మీద మోకాలు పెట్టాను. మీసాలు రెండూ పగ్గాల్లా పట్టుకున్నాను. నొక్కాను. అది బిగబట్టింది. నేనూ బిగబట్టాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను…"

ఈసారి ఎవరూ అడ్డు రాలేదు. కిక్కురుమనే చప్పుడు కూడా లేదు. రాంగెల్‌కి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో ఈ చేప దగ్గర ఎవరూ ఇంత నిశ్శబ్దంగా ఉన్నది లేదు. ఆ ఆనందంలో చేపను ఇంకాసేపు నొక్కాడు.

"ఫట్! బంతి నోట్లోంచి లేచి, రేవు మీదుగా, చెట్ల మీదుగా, నా టోపీ మీదుగా, మైదానం పొడుగునా పోయి మీ గోల్లో పడింది!"

కళ్ళు తెరిచాడు. త్సోనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇలారియే బల్ల మీదే ఉన్నాడు, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ. చెమటలు పట్టించానన్నమాట, అనుకున్నాడు రాంగెల్.

"గోలు ఎవరిదని పెద్ద గొడవైంది. సరిహద్దు నది మధ్యలోంచే కదా పోయేది? పడవేసుకుని వచ్చి టేపుతో కొలిచారు. చేప తల మా వైపు, తోక మీ వైపు. కొట్టింది నోటితో, కాబట్టి గోలు మాది." అక్కడికొచ్చాక ఎదురుగా ఉన్నది వియ్యంకుడని గుర్తొచ్చింది. "కానీ న్యాయం న్యాయమే. తోక ఊపకపోతే చేప నిలబడేదా? అని నేనే వాదించి మీకూ ఒక గోలు ఇప్పించాను. ఒకటీ ఒకటి. ఎవరికీ తక్కువ లేదు."

ఇలారియే ఖాళీ పొట్లం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సున్నా సున్నా," అన్నాడు. అచ్చం ఆ ఊరి యాసే. "మా అమ్మమ్మది ఈ ఒడ్డే బావగారూ, భాష బాగానే వచ్చు. ఆ మ్యాచి సున్నా సున్నా. ఎండ మాడిపోయింది. మీ గోలీ ఎర్రజుట్టు కుర్రాడు, మా గోలీ పొట్టివాడు. ఇద్దరికీ పనే లేకపోయింది."

రాంగెల్ చేతులు ఇంకా మీసాలు పట్టుకున్నట్టే ఉన్నాయి. "మీకెలా…"

"రిజర్వు గోలీలిద్దరికీ ఒకటే బెంచీ ఇచ్చారు. మీ వైపు నుంచి మీరు, మా వైపు నుంచి నేను. దానికి ఒక కాలు లేదు. ఒకడు లేస్తే రెండోవాడు పడతాడు. అందుకని తొంభై నిమిషాలూ కదలకుండా కూర్చున్నాం. మీ కోచ్ ఇటు చూస్తాడేమోనని మీరు, మావాడు చూస్తాడేమోనని నేను. ఇద్దరూ చూడలేదు. మీరు నా గింజలు రెండు పొట్లాలు తిన్నారు."

"మరి పెనాల్టీ?" అంది త్సోనా, నవ్వు ఆపుకోలేక.

"పెనాల్టీయే లేదమ్మా. కథ మాత్రం ఉంది. ఆట మొదలైనప్పట్నుంచి అయ్యేదాకా ఈయన చెబుతూనే ఉన్నారు. అప్పుడు చేప లేదు, గాడిద ఉండేది. నలభై రెండేళ్ళైనా ఆ గొంతు మర్చిపోలేదు నేను. నా గొంతు ఆయనకెలా గుర్తుంటుంది, వినే తీరిక ఎక్కడిది?"

రాంగెల్ చెవులు ఎర్రబడ్డాయి. బెంచీ గుర్తొచ్చింది. పక్కన సన్నటి కుర్రాడు, చేతిలో పొట్లం. ముఖం మాత్రం ఎంత తవ్వినా రాలేదు, ఎందుకంటే ఆ రోజు అటు చూడనేలేదు. ఎంత సిగ్గేసిందో అంత దిగులూ వేసింది. "దిగరా" అని ఆ కోచ్ ఒక్క మాట అని ఉంటే ఈ చేపా ఉండేది కాదు, గాడిదా ఉండేది కాదు. ఇస్క్రాకి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని…

ఇస్క్రా అనుకోగానే సారా గుర్తొచ్చింది. "జాడీ!" అని గావుకేక పెట్టి వెనక్కి తిరిగాడు.

గొట్టం కింద బొక్కెన ఉంది. పులిసిన నీళ్ళు అందులో బొట్టుబొట్టుగా పడుతున్నాయి. జాడీ అవతలగా గోడ వారన, మూతికి మొక్కజొన్న బెండు బిగించి, నిండుగా నిలబడి ఉంది. నైదెన్ జాడీలోంచి పట్టిన చిన్న సీసా అందించాడు. రాంగెల్ ఊపి చూశాడు. పైన పూసలు ఒక్కటీ చితక్కుండా నిలిచాయి.

"సరిగ్గా సమయానికి తీశారు మామా," అన్నాడు నైదెన్. "నువ్వు చేప పొట్ట నొక్కుతున్నప్పుడు."

"ఎవరు? నువ్వా? పరాయి చెయ్యి పడితే…"

"పరాయివాడెవడురా?" అంది త్సోనా. "ఆదివారం నుంచి నీ కూతురు నాన్నా అని పిలవబోయే మనిషే."

రాంగెల్ మెల్లగా వియ్యంకుడి వైపు తిరిగాడు.

"ఆ రోజు ఇద్దరం రిజర్వులమే బావగారూ," అన్నాడు ఇలారియే. "ఇద్దర్నీ ఎవరూ మైదానంలోకి దింపలేదు. ఇవాళైనా ఒకడు దిగాలి కదా."

  రాంగెల్ వెళ్ళి బల్ల మీద వియ్యంకుడి పక్కన కూర్చున్నాడు. బొక్కెన మీంచి చూపు తిప్పకుండానే, అరచెయ్యి చాపాడు.

ఇలారియే కోటు జేబులోంచి ఇంకో పొట్లం తీసి విప్పాడు. "ఇది మూడోది," అంటూ ఆ చేతినిండా గింజలు పోశాడు.