ఆరు నెలల ముహూర్తం

2003 జూన్ 14, శనివారం, ఉదయం పదకొండు. పంజగుట్టలో ఒక ల్యాబ్ మెట్ల మీద ప్రమోద్, అతని భార్య మంజూష. ఆఫీసు రక్తదాన శిబిరంలో ఇచ్చిన రక్తంలో హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ ఉందని ప్రమోద్‌కు మంగళవారం ఫోన్ వచ్చింది. మంజూష రక్తపరీక్ష ఫలితం ఈ రోజు రావాలి.

“ఎవరామె? పేరు చెప్పండి చాలు.”

“ఎవరూ లేరు మంజూ.”

“గాలికి రాదన్నారుగా. రక్తం, సూదులు, లేకపోతే... అది.”

“మైత్రీవనంలో కోచింగప్పుడు హాస్టల్లో ఒకడి బ్లేడు వాడాను. అదేమో.”

“నిన్న మంగలి షాపన్నారు. మొన్న పళ్ల డాక్టరన్నారు.”

“నాకు తెలిస్తేగా! ఏది గుర్తొస్తే అది చెప్తున్నా.”

“నాకూ అంటించే ఉంటారు. అన్నయ్య సనత్‌నగర్‌లో బయల్దేరాడు. పెట్టె సర్దేశాను.”

“రిపోర్టు వచ్చేదాకా ఆగు. కాళ్లు పట్టుకుంటా.”

“లేవండి. జనం చూస్తున్నారు.”

“నేను డాక్టర్ రాజనర్సయ్య. మంజూష ఎవరమ్మా? ఇద్దరూ లోపలికి రండి. నీకు రోగం లేదు. ఇగ రాదు సుత.”

“రాదా డాక్టరుగారూ?”

“టీకా మంచిగ పనిచేసింది. ఫికర్ లేదు.”

“నేను ఏ టీకా వేయించుకోలేదండీ.”

“రోగం వచ్చి తగ్గినా రక్షణ వస్తది. కానీ దాని గుర్తు రక్తంల వేరే ఉంటది. నీకు అది లేదు. ఇది టీకాదే. మూడు సూదులు, ఆరు నెలల్ల. జర యాద్ చేసుకో.”

“ఆరు నెలలు...”

“ఏంటి మంజూ?”

“మీ సెల్ ఇలా ఇవ్వండి.”

“మీ అన్నయ్యకా?”

“అత్తయ్యగారికి. హలో... అత్తయ్యగారూ, నేను మంజూషని. నిశ్చితార్థం అయ్యాక మూడుసార్లు లక్డీకాపూల్ తీసుకెళ్లి సూది వేయించారు. దేనికి?”

“బలానికమ్మా. అప్పుడే చెప్పానుగా.”

“ముహూర్తాలు లేవని పెళ్లి ఆరు నెలలు వెనక్కి జరిపారు. అదీ బలానికేనా?”

“ఏమైందమ్మా? వాడేడీ?”

“పక్కనే ఉన్నారు. ఆయన రక్తంలో కామెర్ల వైరస్ ఉంది. ఎవరి దగ్గరికో వెళ్లారని నేను ఇల్లు వదిలి పోతున్నాను.”

“వద్దమ్మా, వద్దు. వాడేం చెయ్యలేదు. నా రక్తంలోనూ ఉంది. వాడికి పుట్టినప్పుడే నా నుంచి వచ్చింది.”