మూడు దినాలు తిరిగిన ఇసుర్రాయి

"మైసయ్య తాతా! ఓ మైసయ్య తాతా!"

ఆటో దిగుతూనే పిలిచింది కరుణ. డ్రైవర్ చేత ఇసుర్రాయిని దింపించి, మధు చాయ్ కొట్టు ముందు బల్ల పక్కన పెట్టించింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల రోడ్డు అది. బల్ల చివర కూర్చున్న మైసయ్య, పిలుపు వచ్చిన దిక్కు తల తిప్పాడు గానీ లేవలేదు. ఆ రాయికి పోయిన వారమే గంట్లు కొట్టి ఇచ్చాడు. మళ్ళీ ఎందుకొచ్చిందని అడగకుండా వేరే మాట ఎత్తుకున్నాడు.

"కూసో బిడ్డా, చాయ్ తాగు. మధూ, నీకు జెప్పిన్నా? కోదాడల ఒకింట్ల రాయికి గంట్లు కొట్టిన. కన్నంల గింజలు పోసి ఒక్క సుట్టు తిప్పితే శేరు కందులు పప్పయినయ్."

"ఒక్క సుట్టుకేనా?" చాయ్ వడగడుతూ మధు ఆవులించాడు.

"గంటు గట్ల కొట్టాలె మరి! కన్నం కాడ లోతు, అంచుకు పోయిన కొద్ది సన్నగ. గింజ పోయి పోయి అంచు కాడ ఇరుక్కోవాలె, పటుక్కున ఇరగాలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఇంటామె పిడి ఇడిసినా రాయి ఆగలె! మూడు దినాలు దానంతటదే తిరిగింది. గీ మిల్లోళ్లందరు బంద్ పెట్టి నా కాళ్ల మీద వడ్డరు."

"వడ్డరు, వడ్డరు."

"ఇగ తీస్కపోయి వాడపల్లి కాడ నీళ్లల్ల ఏసిన. ఆగుతదా? కలిసిన మూసీని, కృష్ణను కందిబద్దల లెక్క మళ్ల ఇడగొట్టింది! దామరచర్ల కరెంటోళ్లు ఉరికొచ్చి వైరు కట్టుకపోయిన్రు. ఇయ్యాల నీ కొట్ల బల్బు వెలుగుతున్నదంటే..."

గొంతు అలిసిపోయింది. ఒకప్పుడు కథ ఇక్కడికొచ్చేసరికి బల్ల మీద పది మంది పకపకా నవ్వేవాళ్ళు. ఇప్పుడు మిల్లుల ఊక ఎండలో బంగారంలా మెరుస్తూ ఆయన పక్కన ఖాళీ బల్ల మీద రాలుతోంది.

కరుణ కొంగు ముడి విప్పింది.

"ఎల్లుండి మా చెల్లె లగ్గం తాతా. పొద్దుగాల ఐదుగురు ముత్తయిదువలం పాట వాడుకుంట ఇసరవడితిమి." ముడిలోవి ఆయన దోసిట్లో పోసింది. "కందులు పోసినం. కందులే వచ్చినయ్."

మధు నవ్వబోయి, ముసలాయన ముఖం చూసి ఆగిపోయాడు.

మైసయ్య వేళ్ళతో తడిమాడు. అన్నీ గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఒక్కటీ చీలలేదు. వంగి పై రాయి ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు. గంట్లన్నీ అంచు దాకా ఒకే లోతు. గింజ ఎక్కడా ఇరుక్కోకుండా జారిపోయింది.

"మా అమ్మ లగ్గానికి గూడ నువ్వే కొట్టినవట. ఈసారి తాగి కొట్టినవా తాతా?" మెల్లగా అడిగింది కరుణ.

"తాగలే బిడ్డా."

కందుల్ని గుప్పిట్లో బిగించాడు.

"గంటు ఏడ ఆపాల్నో కండ్లకు ఆనుతలేదు. రెండేండ్లాయె. ఎవ్వరికి జెప్పలే."