రేపు తొమ్మిది నుంచి నాలుగు దాకా

బ్యాటరీల కొట్టు. కౌంటరుకి అటువైపు కొట్టతను. ఇటువైపు అతని అక్క భర్త. ఆ అక్క పోయి పంతొమ్మిది రోజులైంది.

“...ఊరికే అలా చూస్తూ నిలబడితే ఎలా మాస్టారూ? ఏది కావాలో చెప్పండి.”

“మాస్టారా? బావ అనే మాట నోటికి రావట్లేదా?”

“ఇది కొట్టు. ఇక్కడికొచ్చేవాళ్ళంతా కస్టమర్లే. దానిమీద ఏం నడవాలి? ఫ్యాన్లా, లైట్లా?”

“కంప్యూటర్ ఒక్కటే.”

“అయితే ఈ చిన్న యూపీఎస్ చాలు. కరెంటు పోతే పావుగంట లాగుతుంది. చేస్తున్న పని సేవ్ చేసుకుని ఆపేసుకోవచ్చు.”

“పావుగంట చాలదు. రేపు తొమ్మిది నుంచి నాలుగు దాకా లైను బాగుచేస్తారట, కరెంటు ఉండదని చెప్పి వెళ్ళారు. ఏడు గంటలు నడవాలి.”

“ఏడు గంటలు దాని ముందు కూర్చుని ఏం చేస్తారు?”

“అది నీకెందుకు?”

“తెలియకుండా బ్యాటరీ ఎలా ఇవ్వను? రేపు ఆరిపోతే మళ్ళీ నన్నే కదా అంటారు.”

“పిల్లల మార్కులున్నాయి అందులో.”

“మార్కులేగా. సేవ్ చేసి ఆపండి. నాలుగింటికి మళ్ళీ పెట్టుకోండి. మార్కులేమీ తగ్గిపోవు.”

“ఆపను.”

“అదేంటి?”

“ఆపనన్నాను. ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పు, ఇంకో కొట్టుకి పోతాను.”

“పోండి. ఈ వీధిలోనే ఇంకో రెండున్నాయి. నేను వైరింగ్ చేసిన మీ ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతే, పదిమందిలో నన్ను చేతకానివాడన్నారు. ఇప్పుడు నా బ్యాటరీ మీద నమ్మకం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“నువ్వు ఎర్త్ సరిగ్గా వెయ్యలేదు.”

“వేశాను! వీధి లైన్లో ఓల్టేజీ ఎగిరితే నేనేం చెయ్యను? తర్వాత వచ్చి చూసినతనూ అదే చెప్పాడు. మీరు విన్నారా? పోనీ అక్క విందా? పక్కనే నిలబడి నోరు మెదపలేదు. రెండేళ్ళు మాస్టారూ. రెండేళ్ళలో ఒక్క ఫోను లేదు.”

“నువ్వు చేశావా?”

“నేనెందుకు చెయ్యాలి? మాట పడింది నేను.”

“అక్కా తమ్ముడూ ఇద్దరికిద్దరూ సరిపోయారు.”

“అక్కని హాస్పిటల్లో చేర్చిన సంగతి నాకెవరు చెప్పారో తెలుసా? మందుల షాపతను. నేనొచ్చేసరికి దుప్పటి మొహం మీదికి లాగేశారు.”

“రెండు గంటల్లో అయిపోయింది. ఎవరికి చెప్పాలో కూడా...”

“మందుల షాపతనికి తోచింది. మీకు తోచలేదు.”

“...ఏడు గంటలకి ఏది తీసుకోవాలి?”

“ఇదిగో, ఈ ఇన్వర్టరు. ఆ పెద్ద బ్యాటరీ.”

“కరెంటు పోయాక ఇది అందుకునేలోపు కంప్యూటర్ ఆరిపోదు కదా?”

“పోదు. రెప్ప పడేలోపే అందుకుంటుంది.”

“ఖాయమేనా?”

“ఖాయం. గోడలోంచి ప్లగ్గు తీసి దీంట్లో పెట్టుకోవడమే.”

“తియ్యాలా?”

“తియ్యకుండా ఎలా పెడతారు?”

“ఆపకుండా పెట్టాలి.”

“నడుస్తున్నదాన్ని అట్నుంచి ఇటు ఎలా మారుస్తాం? లాగిన మరుక్షణం ఆరిపోతుంది. పోనీ మీటరు దగ్గరే కలుపుదామంటే ఇల్లంతా కరెంటు తీసే కలపాలి. ఇంత బ్యాటరీ కొన్నా, ముందు మీ చేత్తో మీరే ఆపాలి.”

“ఇంకో దారి...”

“లేదు. ...ఏమైంది? ముందా స్టూలు మీద కూర్చోండి. అసలది ఎప్పట్నుంచి నడుస్తోంది?”

“పంతొమ్మిది రోజులుగా.”

“ఒక్కసారి కూడా కరెంటు పోలేదా?”

“ఒకసారి లైట్లు మిణుకుమన్నాయి. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. ఆరిపోలేదు.”

“అక్క కంప్యూటరా?”

“ఆ రోజు దాని ముందే కూర్చుంది. గుండెలో ఏదోలా ఉందని లేచింది. అంతే. తను వదిలింది వదిలినట్టే ఉంది.”

“ఫోటో తీసుకోండి. లేదంటే సేవ్ చేసి...”

“సేవ్ చేశాను. ఫోటో కూడా తీశాను. ఫోటోలో ఆ గీత కొట్టుకోదు.”

“ఏ గీత?”

“తర్వాతి అక్షరం పడాల్సిన చోట వెలుగుతూ ఆరుతూ ఉంటుందే, అది.”

“మార్కులన్నారు?”

“అబద్ధం. ఉత్తరం.”

“ఎవరికి? ...బావా, ఏం రాసింది?”

“ఒక్క మాటే. ‘తమ్ముడూ’ అని కామా పెట్టి ఆగింది. రేపు తొమ్మిదికి ముందే రా. ఆ ప్లగ్గు నువ్వే తియ్యాలి.”