పట్టికలో పోయిన పేరు

మేనకోడలు ఊరికి సంచీ సర్దుకుంటోంది. మేనత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అత్తా, నీ దగ్గరుంచిన నాన్న కంప్యూటర్లో ఆయన గొంతు రికార్డులు కనబడట్లేదేంటి? ఇంకెక్కడా లేవవి."

"నేనే తీసేశానమ్మా. పోయేముందు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసీ నేను వెళ్ళలేదు కదా. అందులో నన్నేమన్నాడో నువ్వు వింటావేమోనని... నేనైతే విననేలేదు."

"కంగారుపడకు. తీసేస్తే కంప్యూటర్ పట్టికలో పేరొక్కటే పోతుంది. గొంతు లోపలే ఉంటుంది. దాని మీద ఇంకోటి రాయకపోతే రిపేరు షాపువాళ్ళు వెనక్కి తెస్తారు."

"రిపేరతనూ అదే చెప్పాడు."

"మరింకేం?"

"అందుకే చోటు మిగలకుండా సినిమాలు నింపించాను. ఇంక పట్టదని కంప్యూటరే చెప్పేదాకా."

"సినిమా అంటేనే మొహం తిప్పుకుంటావు, నువ్వా?"

"నాలుగు తిట్టవే తల్లీ."

"నేనొకసారి విన్నానత్తా. 'అక్క రాలేదని ఎవరూ ఏమీ అనకండి, చిన్నప్పట్నుంచీ దానికి ఆసుపత్రంటే భయం' అన్నాడు నాన్న. నీకు వినిపిద్దామనే వచ్చాను."

"అయ్యో... ఈ మొహం ఎక్కడ పెట్టుకోనే?"

సంచీ జిప్పు మూసిన చప్పుడైంది.

"ఏదైనా తిని వెళ్ళవే."

"బస్సుకి వేళైంది."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"చూద్దాం అత్తా."

ఆ శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళిన మేనకోడలు ఆ తర్వాత మేనత్త బతికిన తొమ్మిదేళ్ళలో మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.