డిపో లైటూ, ఇరవై ఏడు లక్షల ఏళ్ళూ

పిల్లలూ, మీ చిన్న తాతయ్యని మీరు ఫోటోలో తప్ప చూడలేదు. అందులో ఆయన నోరు మూసుకుని ఉన్నాడు కాబట్టి అది ఆయనలా ఉండదు.

పోయిన వారం చిన్నదాని స్కూలు నుంచి నాకో చీటీ వచ్చింది. మన పిల్లి బస్సెక్కి స్కూలుకి వచ్చిందనీ, లెక్కల క్లాసులో కూర్చుని రెండు లెక్కలు తప్పు లేకుండా చేసి వెళ్ళిందనీ మీ అమ్మాయి క్లాసంతటికీ చెప్పింది, కాస్త గమనించండి, అని. రెండు రోజులు నాకు సరిగ్గా తిండి సయించలేదు. ఇంత దూరంలో, ఏది దిద్దాలో ఏది చూసీ చూడనట్టు వదిలేయాలో చెప్పే పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల్ని పెంచుతున్నాను కదా, నాకన్నీ అనుమానాలే. మూడో రోజుకి గుర్తొచ్చింది ఇది ఎవరి పోలికో. అందుకని తిట్టడం మానేసి ఇది రాస్తున్నాను. విన్నది విన్నట్టే రాస్తాను, నా వైపు నుంచి ఏమీ కలపను. కలపాల్సిందంతా ఆయనే కలిపేశాడు.

మా నాన్నకి తమ్ముడు, నాకు చిన్నాన్న. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, చీకటి పడ్డాక పెరట్లో తన చూపు ఆకాశం మీద పెట్టేవాడు. టెలిస్కోప్ తనే చేసుకున్నాడు. రెండు గాజు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గరుకు పొడీ నీళ్ళూ వేసి, వాటిని ఒక డ్రమ్ము మీద ఉంచి, ఏడు నెలలు దాని చుట్టూ తిరుగుతూ అద్దం అరగదీశాడు. గొట్టం నీళ్ళ పైపు. కాళ్ళు టైలర్ గారి పాత మిషను స్టాండు.

గోడకి అవతల టింబర్ డిపో. ఆ ఏడు డిపోలో టేకు దుంగలు రెండు పోయాయి. పోతే డిపో ఆయన స్తంభం ఎత్తున పెద్ద లైటు పెట్టించాడు. అది సగం డిపో మీదా సగం మా చిన్నాన్న పెరట్లోనూ పడేది. పెరట్లో పేపరు చదువుకోవచ్చు, నక్షత్రాలు మాత్రం కనపడవు. నాలుగు నెలలు టెలిస్కోప్ దుప్పటి కప్పుకుని కూర్చుంది. చిన్నాన్న తొమ్మిదింటికే పడుకుంటున్నాడు. పైగా ఇంట్లో మాట్లాడటం లేదు.

"ఆయన కోతలు వినలేక చచ్చేదాన్ని, ఇప్పుడు వినక చస్తున్నానే అమ్మాయ్," అంది పిన్ని. నేనప్పుడు సెలవు మీద వాళ్ళింట్లో ఉన్నాను. "డిపో ఆయన సాయంత్రం టీ కొట్టుకొస్తాడు. ఈయన్ని తీసుకెళ్ళి ఒక్క మాట అడిగించు. చంద్రుడు లేని రోజులు ఇంక నాలుగే ఉన్నాయట, తర్వాత మంచు పట్టేస్తుందట. గొప్పలు పోకుండా అడగమను."

నేను ఒక చీటీ మీద రాశాను: 'దయచేసి రోజూ ఒక గంట మీ లైటు ఆపగలరా?' చిన్నాన్న జేబులో పెట్టాను. దారంతా ఆయన చేత ఆ వాక్యం మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ బాగానే చెప్పాడు.

టీ కొట్టు డిపోకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల. బల్ల మీద టైలర్ గారున్నారు, పక్కన డిపో ఆయన గ్లాసు ఊదుకుంటూ ఉన్నాడు. పొయ్యి దగ్గర కొట్టు నడిపే అక్క. చిన్నాన్న కూర్చున్నాడు, జేబు తడుముకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. టైలర్ గారు ఊరికే ఉండచ్చు కదా. "ఏం బావా, ఈ మధ్య చుక్కలు చూడట్లేదా?" అన్నారు.

అంతే.

"చూడకపోవడమేంటి బావా! నిన్న కూడా చూశాను. నీకు పిల్లలకోడి తెలుసుగా, ఆ చుక్కల గుంపు? ఉత్త కంటితో నువ్వెన్ని చూస్తావు? ఆరు. కళ్ళు బాగున్నవాడు ఏడు. నేను పదకొండు చూస్తాను, మా అమ్మని అడుగు, చిన్నప్పుడు పద్నాలుగు చూసేవాణ్ణి, ఈ మధ్య వయసొచ్చి తగ్గాయి. ఇంక టెలిస్కోప్‌లో పెట్టానా, నూట ఇరవై. ఆ అద్దం అట్లాంటిది. దాన్ని ఎంత నునుపుగా అరగదీశానంటే, ఓ రోజు దోమ వాలింది, వాలితే ఏమైందో తెలుసా? నిలబడలేకపోయింది. ఈ చివర కాలు పెడితే ఆ చివరకి జారిపోయింది. మళ్ళీ ఎగిరొచ్చింది, మళ్ళీ జారింది. అలా తెల్లారిందాకా జారుతూనే ఉంది, దానికి సరదా అయిపోయింది. మర్నాడు పిల్లల్ని కూడా తీసుకొచ్చింది."

"దోమకి పిల్లలా బాబాయ్?" అంది అక్క.

"నలుగురు. సరే, అసలు సంగతి విను. పిల్లలకోడి అంటే చిన్న గుంపు. ఇంకోటుంది, ముద్దగా, గుండ్రంగా, పంచదార కుప్ప పోసినట్టు ఉంటుంది. అందులో మూడు లక్షల నక్షత్రాలని పుస్తకంలో రాశారు. రాసినవాడు లెక్కపెట్టాడా? పెట్టలేదు. ఎవరో ఒకరు పెట్టాలిగా? కూర్చున్నాను. ఒకటీ రెండూ అంటూ మొదలుపెట్టి, రెండు లక్షల తొంభై వేల దాకా వచ్చాను, సరిగ్గా అప్పుడు మా ఆవిడ అన్నానికి పిలిచింది. నువ్వైతే ఏం చేస్తావు బావా? లెక్క తప్పుతావు. నేను తప్పలేదు. అక్కడ వేలు పెట్టాను."

"ఎక్కడ?"

"ఆకాశంలోనయ్యా! ఏ చుక్క దగ్గర ఆపానో ఆ చుక్క మీద. ఎడం చేతి వేలు అక్కడే ఉంచి, కుడి చేత్తో అన్నం తినేసి, వచ్చి మిగతావి లెక్కపెట్టాను. ఒకటి తక్కువొచ్చింది."

నేను ఆయన కాలు తొక్కాను. ఆయన నా వైపు చూసి, తెలుసులే అన్నట్టు తలూపి, ఇంకో టీ చెప్పాడు.

"ఒకటి తక్కువెందుకు వచ్చింది? వెతికాను. ఒక పెద్ద నక్షత్రం వెనకాల ఇది నక్కి కూర్చుంది. చిన్నగా దగ్గాను. బయటికొచ్చింది. సిగ్గు దానికి."

టైలర్ గారు టీ మింగలేక పక్కకి తిరిగారు. డిపో ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన మాట పొదుపరి, రోజంతా కలిపి పది మాటలు దాటవు. "నిన్న చూశారా ఇదంతా?" అన్నాడు.

"నిన్ననే."

"మరి నా లైటు?"

అడగడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. మళ్ళీ కాలు తొక్కాను. చిన్నాన్న చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ టైలర్ గారు చూస్తున్నారు, అక్క టీ వడపోయడం ఆపి మరీ చూస్తోంది.

"మీ లైటు నాకో లెక్కా డిపో గారూ!" అన్నాడు. "నా టెలిస్కోప్‌కి అదెంత! కర్టెన్ పక్కకి తోసినట్టు తోసేస్తాను."

నేను తల పట్టుకున్నాను. తన తలుపుకి తనే తాళం వేసుకున్నాడు ఈ మనిషి. ఆ సంగతి ఆయనకీ తెలిసినట్టుంది, మొహం కాస్త వాడింది. కానీ బండి పల్లంలో పడ్డాక ఆపడం ఎలా? ఇంకో దారి వెతుక్కున్నాడు.

"అలా తోసేసి ఏం చూశానో తెలుసా? గెలాక్సీ. ఆండ్రోమెడా పక్కన ఇంకోటుంటుంది, దానికంటే మసక. అక్కణ్ణించి వెలుతురు ఇక్కడికి రావడానికి ఇరవై ఏడు లక్షల ఏళ్ళు పడుతుంది. మనం ఇవాళ చూసేది ఇరవై ఏడు లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుతురు. అందులో ఒక వీధి. వీధిలో ఒక ఇల్లు. ఇంటి వెనక పెరడు. పెరట్లో ఎవరున్నారో తెలుసా?"

"ఎవరు?" అంది అక్క. పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

"ఒకాయన! నీళ్ళ పైపుతో చేసిన టెలిస్కోప్ పెట్టుకుని మన వైపే చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు."

"ఆగాగు బావా," అన్నారు టైలర్ గారు. "ఇరవై ఏడు లక్షల ఏళ్ళ కిందట నువ్వు లేవుగా? నిన్ను చూసి ఎలా ఊపాడు?"

"అదే గొప్ప! ఫలానా రోజు ఫలానా టైముకి నేను అక్కడ కన్ను పెడతానని ముందే తెలుసు వాడికి. ముందే ఊపి పెట్టాడు. వాడు అంతటివాడు! ఊపి ఊరుకున్నాడా? కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూపించాడు, ఇదిగో ఇలా. ఏమంటున్నాడంటే, మీ వైపు నుంచి నాలుగు నెలలుగా ఏదో లైటు నా కళ్ళల్లో కొడుతోందయ్యా, చాలా ఇబ్బందిగా ఉంది, ఎవరిదో ఏమిటో కనుక్కుని, రోజూ ఒక గంట ఆపమని చెప్పు, అని. నాకేం పర్వాలేదు డిపో గారూ. పాపం ఆయన కోసం."

ఎవరూ నవ్వలేదు. తన కోసం అడగడానికి నోరు రాక ఆకాశం అవతల ఒక మనిషిని పుట్టించి అతని చేత అడిగిస్తున్నాడని అప్పటికి బల్ల మీద అందరికీ అర్థమైంది.

డిపో ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అక్కణ్ణించి ఇక్కడికి ఇరవై ఏడు లక్షల ఏళ్ళన్నారు. ఇక్కణ్ణించి అక్కడికి?"

"అంతే! వెలుతురుకి రానూ పోనూ ఒకటే వేగం," అన్నాడు చిన్నాన్న గర్వంగా.

"నా లైటు పెట్టి నాలుగు నెలలే అయింది."

చిన్నాన్న నోరు తెరిచాడు. "వాడికి ముందే తెలుసు..."

"ముందే తెలిసినాయనకి, నేను లైటు ఆపుతానో లేదో కూడా తెలిసే ఉంటుంది కదండీ," అన్నాడు డిపో ఆయన. "ఏమన్నాడు?"

పిల్లలూ, మా చిన్నాన్నకి మాట అందకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఎందుకంటే అది ఆయనకి నిజంగానే తెలీదు. నాలుగు నెలలుగా తెలుసుకోవాలని ఉంది ఆయనకి. చెయ్యి జేబు మీద పెట్టుకున్నాడు కానీ చీటీ తియ్యలేదు.

"తెలీదండీ," అన్నాడు. "మీ లైటు నా పెరట్లో పడుతోంది. నాలుగు నెలలుగా నాకేమీ కనపడట్లేదు. నిన్న కూడా ఏమీ చూడలేదు. ఒక గంట ఆపగలరా?"

"ఈ ముక్క మొదటి టీకే చెప్పచ్చుగా," అన్నాడు డిపో ఆయన. లేచి చొక్కా దులుపుకున్నాడు. "లైటు దొంగ కోసం పెట్టాను, మీ కోసం కాదు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఎలాగూ నేను డిపోలోనే ఉంటాను. చూద్దాం."

ఆ 'చూద్దాం'కి అర్థమేమిటో తెలీక, ఇంటికొచ్చి ముగ్గురం పెరట్లో కూర్చున్నాం. లైటు ఎప్పటిలాగే ఆరింటికి వెలిగింది. పిన్ని దుప్పటి తీసి మడత పెట్టింది. చిన్నాన్న తుడిచిన గొట్టాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. ఏడున్నర అయింది. ఇంకో రెండు నిమిషాలు కూడా అయ్యాయి. నేను గడియారం చూడటం మానేశాను. అప్పుడు ఆరిపోయింది.

మొదట ఏమీ కనపడలేదు, పిన్ని మొహం కూడా. కాసేపటికి ఒక్కో చుక్కా వచ్చింది. గోడ అవతల నుంచి దగ్గు వినపడింది. "రావచ్చా? గేటు దగ్గర మా తమ్ముణ్ణి నిలబెట్టాను. పది నిమిషాలే."

ముందు పిల్లలకోడి చూపించాడు చిన్నాన్న. డిపో ఆయన "అబ్బో" అని, కన్ను తీయలేదు చాలాసేపు. తర్వాత చిన్నాన్న గొట్టం తిప్పి, మెల్లగా జరిపి, ఊపిరి బిగబట్టి ఒకచోట ఆపాడు. "ఇప్పుడు చూడండి."

"ఏమీ లేదే."

"సూటిగా చూడకండి. మసకవాటి మీదకి చూపు పెడితే అవి పోతాయి. కాస్త పక్కకి చూస్తూ ఉండండి. కంటి కొసకి అవే వస్తాయి."

డిపో ఆయన అలాగే వంగి ఉన్నాడు. ఎంతసేపో. "ఉంది," అన్నాడు చివరికి, దగ్గరగా వచ్చిన పిట్టని బెదరగొట్టకుండా మాట్లాడినట్టు. "పలక మీద సుద్ద తుడిచేసినట్టు. ఇంతేనా?"

"ఇంతేనండీ."

ఇంకొకరైతే ఆ మాట వినేసి ఊరుకునేవారు. పిన్నీ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. దేని గురించైనా సరే ఆయన నోట 'ఇంతే' అన్న మాట మేమెప్పుడూ వినలేదు.

మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకటే గుంపు. మేం వెళ్ళేసరికి మధ్యలో డిపో ఆయన! రోజుకి పది మాటల మనిషి, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "నేను కన్ను పెట్టగానే చెయ్యి ఊపాడండీ! లైటు ఆపినందుకు థాంక్స్ చెప్పమన్నాడు."

చిన్నాన్న బల్ల మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. "ఏ చేత్తో ఊపాడు డిపో గారూ?"

"రెండు చేతులతోనూ!"

"అదీ! నాకైతే మొన్న ఒక్క చేత్తోనే ఊపాడు," అన్నాడు చిన్నాన్న, కాస్త అసూయగా.

నాకు ప్రతిదీ సరిచూసుకోకపోతే మనసు కుదుటపడదని మీకు తెలుసు. తర్వాత లైబ్రరీలో ఆ గెలాక్సీ గురించి వెతికాను. దూరం దగ్గర సుమారు ఇరవై ఏడు లక్షలనే రాసి ఉంది. దోమ పిల్లల దగ్గర్నుంచి అన్నీ పెంచిన మనిషి ఆ ఒక్క అంకెనీ పెంచలేదు, తగ్గించలేదు. దానితోనే దొరికిపోయాడు. పది రోజులే పడుతుందని కోత కోసి ఉంటే ఎవరూ పట్టుకోగలిగేవారు కాదు.

చిన్నదానా, పిల్లిని మళ్ళీ బస్సెక్కించుకో, నేనేమీ అనను. కానీ అది చేసిన లెక్కలు రెండూ నిజంగా సరైనవో కాదో నువ్వు చూసి ఉండాలి. నీకేదైనా కావాల్సి వచ్చినప్పుడు మాత్రం పిల్లి చేత అడిగించకు, నువ్వే అడుగు. పెద్దాడా, చీకట్లో బాల్కనీలోకి వెళ్ళేటప్పుడు స్వెటర్ వేసుకో, చెల్లికీ వెయ్యి.

మీ పిల్లలకి మీరు ఈ కథ చెప్పాలి. దోమకి నలుగురు పిల్లలు కాకపోతే నలభైమందిని పెట్టుకోండి, డిపో ఆయన చేత రాత్రంతా లైటు ఆపించండి, మీ ఇష్టం. ఇరవై ఏడు లక్షలు మాత్రం ఇరవై ఏడు లక్షలుగానే చెప్పండి. అది చిన్న తాతయ్యది.